మన బియ్యం తినే పాదిరి

ఇస్త్రీపెట్టెలో బొగ్గులు రాజుకున్నాయి. ఉర్సులా దాన్ని పాదిరిగారి తెల్లని అంగీ మీద అదిమి నడిపింది. మోచేతుల దాకా పాతకాలపు పచ్చబొట్లు. ఆ గీతలు ముడతల్లో పడి వంకరలు పోయాయి. పొట్టి మనిషి. బరువులు మోసిన మెడ మాత్రం దుంగలా గట్టిపడింది. పెళ్లికి ముందే ఈ కొండమీది చర్చిలో బట్టలుతికే పనికి చేరింది. అప్పటినుంచి ఉతికినవన్నీ అమెరికా దొరల అంగీలే. ఇది మాత్రం పక్క లోయలో పుట్టిన ఫాదర్ అలావాస్‌ది.

ఆ వేసవిలోనే మనీలాలో ప్రకటించారు: ఫిలిప్పీన్స్ క్రైస్తవ సంఘం ఇక స్వతంత్రం, బిషప్పులను తానే ఎన్నుకుంటుంది, అమెరికా తల్లి సంఘం పెత్తనం లేదు. కొండమీద పందిని కోశారు, కంచు పళ్లాలు వాయిస్తూ ఆడారు. పెత్తనంతో పాటు అక్కడినుంచి వచ్చే పాదిరి జీతమూ ఏటేటా తగ్గిపోతుందన్న సంగతి ఆట ముగిశాక గుర్తొచ్చింది. కోతలయ్యాక ఇంటింటా వరికట్టలు ఇవ్వాలనుకున్నారు. అడగడానికి మాత్రం ఎవరూ లేవలేదు.

"నేను పోతా," అంది ఉర్సులా.

"వానొచ్చేలా ఉందక్కా, రేపు వెళ్లకూడదూ?" అన్నాడు ఫాదర్ అలావాస్, గుమ్మంలోంచి.

"రేపటికి వాళ్లు ఇంకో సాకు వెతుక్కుంటారు ఫాదర్," అని గుడ్డ చుట్టకుదురు పెట్టుకుని గంప తలకెత్తుకుంది.

పందుల దొడ్డి దగ్గర చిలగడదుంప తీగలు తరుగుతున్న పడుచు ఆమెను చూసి నవ్వింది. "దొరలున్నప్పుడు వాళ్ల తిండి వాళ్లే తెచ్చుకున్నారు. మనోడొచ్చాడు, వెనకే గంపొచ్చింది!"

"డబ్బాల తిండి తిన్నోడు డబ్బాలు పంపినోళ్ల మాట వింటాడే. మన బియ్యం తినే పాదిరి మన మాట వింటాడు. కట్ట ఇటు పడెయ్యి."

పడుచు ఇచ్చింది. కొందరు సణుగుతూ ఇచ్చారు. కొందరు కుక్కను వదిలి లోపల కూర్చున్నారు. వాళ్లు బయటికి వచ్చేదాకా ఉర్సులా వాకిట్లోనే నిలబడింది.

కింది వాడ చివర రాతిపనివాడు మతియాస్ ఇల్లు. అరుగు మీద చుట్ట కాలుస్తున్న ముసలాడు గంపను చూసి మొహం తిప్పుకున్నాడు.

"మా నాన్న కాలు ఆ చర్చి గోడ రాయి కిందే నలిగింది. కూలి కూడా ఇవ్వలేదు. ఇంకా ఏమియ్యాలి?"

ఉర్సులా మెట్టు మీద చతికిలబడింది. ఊపిరి అందడం లేదు. గంప పక్కన దించి అడిగింది.

"అది మీ నాన్న కట్టిన గోడని ఎప్పుడన్నా ఎవరన్నా అన్నారా మతియాస్?"

"ఎవడంటాడు!"

"దొర కట్టిన గుడి అన్నారు. నువ్వూ అదే అన్నావు, నేనూ అదే అన్నా. ఇప్పుడు ఈ కుర్రాణ్ణి పస్తు పెట్టి పంపేస్తే, రేపు మళ్లీ దొరనే కాళ్లు పట్టుకుని పిలుస్తాం. అప్పుడు మీ నాన్న ఎవరి గోడ కోసం కుంటినట్టు?"

చుట్ట ఆరిపోయింది. ఉర్సులా మోకాళ్ల మీద చేతులూని లేచి, గంప ఎత్తుకుని వచ్చేసింది.

పైన్ చెట్ల మధ్య మంచు దిగుతుండగా చర్చి చేరి, గంప దించింది. వెనక అడుగుల చప్పుడు. మతియాస్. కావిడికి రెండు వైపులా వరికట్టలు.

"ఎక్కడ పెట్టమంటావు?" అన్నాడు, ఆమె వైపు చూడకుండా.

"లోపల పూజ బల్ల ముందు పెట్టు. మీ నాన్న గోడ వైపు."

పెట్టి, తడి రాతిని అరచేత్తో ఒకసారి తడిమాడు. "పద, ఇంటిదాకా దిగబెడతాను."

"నువ్వు పో. నేను కాస్త కూర్చుంటా."

సాయంత్రం గంట కొట్టడానికి వచ్చిన ఫాదర్ అలావాస్ ఆమె గోడకు తల ఆనించి నిద్రపోతోందనుకున్నాడు. గంట మోగింది. ఉర్సులా లేవలేదు. దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి వదలకుండానే ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు.

ఆమె ఇస్త్రీ చేసిన అంగీ తొడుక్కునే ఆమెను మట్టిలో పెట్టాడు. మర్నాడు పొద్దున్నే మతియాస్ వచ్చి ఖాళీ గంప తీసుకున్నాడు.

"పై వాడ మిగిలిపోయింది కదా ఫాదర్," అన్నాడు.

బెంచీ మీద ఆమె తల మీంచి తీసిపెట్టిన గుడ్డ చుట్టకుదురును మాత్రం ఎవరూ కదపలేదు. నడుమ తల ఆనిన చోట చెమట మరక. అంచున గుచ్చుకుని ఒక వరిగింజ.