దేవుని కుండలో ఎలుక

"సెయ్యి సిన్నదైతే ఏటి, పిడికిలి నిండా తియ్యాల," అంది అత్త కాంతమ్మ, లీలారాణి కాపురానికి వచ్చిన మొదటి పొద్దునే. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, పొయ్యి పక్క గూట్లో ఉన్న చిన్న కుండలో వెయ్యాలి. అది దేవుని కుండ. ఆదివారం ఆ బియ్యం ప్రార్థన గుడికి వెళ్తుంది, అక్కడినుంచి దిక్కులేని ముసలివాళ్ళ ఇళ్ళకి.

లీలారాణికి ఆ పని భలే నచ్చింది. బి.ఏ. చదివిన పిల్ల, నరసన్నపేటలో తమ వీధి మలుపున మొగుడి సైకిల్ బెల్లు రెండుసార్లు మోగితే చాలు, పొగలో కూర్చునే నవ్వుకునేది. కొత్త గాజు గ్లాసులు తుడిచి ఎండకి పెట్టి, వాటి మెరుపు చూసి మురిసేది. పెళ్ళయిన నాలుగు నెలలూ అలాగే గడిచాయి, ఆ గురువారం దాకా.

ఆ రోజు కాంతమ్మ కూతురి పురిటికి కోటబొమ్మాళిలో ఉంది. మధ్యాహ్నం భర్త పరంజ్యోతి మాస్టారు సంఘ పెద్ద ఆదాము గారినీ, మరో ఇద్దరినీ వెంటబెట్టుకొచ్చి, "మనవాళ్ళే లీలా, ఉన్నదే పెట్టు," అన్నాడు. ధాన్యం మిల్లుకి వెళ్ళింది, బియ్యం మర్నాడుగాని రావు. డబ్బాలో ఉన్నదంతా వండి వడ్డించింది. "వంటింట్లోనే ఉండిపోతే ఎలాగమ్మా, వాక్యం దగ్గర కూర్చోవాల," అంటూనే ఆదాము గారు మూడోసారి చారు పోయించుకున్నారు. వాళ్ళు లేచేసరికి గిన్నెలో మెతుకు లేదు. ఆమె తిన్నదా అని ఎవరూ అడగలేదు. భర్త కూడా అడగలేదు. వెళ్తూ వెళ్తూ బెల్లు మాత్రం రెండుసార్లు మోగించాడు.

దేవుని కుండలోంచి మూడు పిడికిళ్ళు తీసి వండుకుంది. దొంగతనం అనుకుంటూనే చింతకాయ పచ్చడితో తింది. ఎంత కమ్మగా ఉందో. ఆ కమ్మదనమే తరవాత గుండెలో ముల్లయింది. ఏ ముసలామె గంజిలోంచి తీసుకుంది ఆ మెతుకులు? ఒక్క పూట ఆకలికి ఆగలేనిదాన్ని ప్రభువు వెంట నడుస్తానని బాప్తిస్మం నాడు నీళ్ళలో మునిగి మాటెందుకు ఇచ్చాను?

శనివారం కాంతమ్మ వచ్చి కుండ ఎత్తి చూసింది. "తేలిపోనాదేటే? ఎలక తినీసిందేటి?"

"అవునత్తా," అనేసింది లీలారాణి. దొంగతనానికి అబద్ధం తోడయింది.

మర్నాడు సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఆదివారం. "పరంజ్యోతి మాస్టారి కుటుంబం, పిడికెడు బియ్యం," అని ఆదాము గారు కానుకల పట్టీ చదివితే, మగవాళ్ళ వైపు భర్త తల వంచి వినయంగా కూర్చున్నాడు. ఆడవాళ్ళ వైపుకి రొట్టె పళ్ళెం వచ్చింది. తప్పు ఒప్పుకోకుండా ఆ రొట్టె తినకూడదు; లీలారాణి చెయ్యి లేవలేదు. తీసుకోకుండానే అత్తకి అందించింది. కాంతమ్మ కోడలి ముఖం చూసింది. రొట్టె దాకా వెళ్ళిన చెయ్యి వెనక్కి తీసుకుని, తానూ పళ్ళెం పక్కకి దాటించేసింది.

ఇంటికొస్తూ దారిలో లీలారాణి అంతా చెప్పేసింది. ఏడుపుతో సగం మాటలు మింగుతూ, "ఎలుక కాదత్తా, నేనే," అంది.

"మనింట్లో ఎలకలేవే," అంది కాంతమ్మ, నడక ఆపకుండా. "మా అత్తా నన్ను అలాగే అడిగీది. నానూ అవుననే సెప్పీదాన్ని. ఆ అబద్ధం మింగీసి ముప్పై ఏళ్ళు ఆ రొట్టె తిన్నాను. నీ ముకం సూసినాక ఈయేళ సెయ్యి రానేదు."

అత్త ఆకలి ఎన్నేళ్ళదో అప్పుడు తెలిసింది లీలారాణికి. తన తప్పు అందువల్ల తగ్గలేదు. కాని పిడికెడు తీసినా మగవాళ్ళ కంచంలో మెతుకు తగ్గని ఇంట్లో, ఆ పిడికెడు ఎవరి కంచంలోంచి వెళ్తుందో ఇన్నాళ్ళూ చూడనందుకు కూడా సిగ్గేసింది.

సోమవారం పొద్దున్న బియ్యం కొలిచి, చేట భర్త ముందు పెట్టింది. ఆకలి సంగతీ, అబద్ధం సంగతీ దాచకుండా చెప్పింది.

"ఇవాళ్టి పిడికెడు మీరు తియ్యండి," అంది.

అతనిది పెద్ద చెయ్యి. చేటలో గుంట పడింది. లీలారాణి వేరే బియ్యం పోసి ఆ గుంటని పూడ్చలేదు. మధ్యాహ్నం మూడు కంచాలు ఒక్కసారే పెట్టి, అన్నం మూడు సమపాళ్ళుగా వడ్డించి, తానూ కూర్చుంది. లేచేసరికి ముగ్గురికీ కాస్త కాస్త ఆకలి మిగిలింది. కుండలోని ఆ పిడికెడు మొదటిసారి కుటుంబమంతా ఇచ్చినదయింది.