చెంగమ్మ తీసుకోని కార్డు

కంప్యూటర్లో లీలావతిని చంపింది లోహితే.

తిరుపతిలోని ప్రాంతీయ చరిత్ర భాండాగారంలో లోహితది కాంట్రాక్టు ఉద్యోగం. ఊళ్లవాళ్లు ఇచ్చిన పాత ఉత్తరాలు, దస్తావేజులు స్కాన్ చేసి, అందులోని పేర్లూ తేదీలూ ఎక్కించాలి. నగరి నేతగాళ్ల కుటుంబం ఒకటి తమ పెద్దాయన దామోదరం పెట్టె ఇచ్చింది. అందులో 1974 నాటి కర్మ కార్డు ఒకటి దొరికింది. తన కుమార్తె లీలావతి స్వర్గస్థురాలైందనీ, బంధుమిత్రులు పదకొండోరోజు కర్మకు రావాలనీ దామోదరం అచ్చు వేయించిన కార్డు. లోహిత మరణ తేదీ కొట్టి ఎంటర్ నొక్కింది. బీటెక్ చదివింది కదా, ఖాళీ గడి కనబడితే నింపేయడమే తెలుసు.

ఆదివారం ఆ కాగితాల ప్రదర్శన. శుక్రవారం మధ్యాహ్నం ఒక పెద్దావిడ ఆ ప్రదర్శన కరపత్రం పట్టుకుని నేరుగా లోహిత టేబుల్ దగ్గరికి వచ్చింది.

"కంప్యూటర్ పాపవి నువ్వేనా?"

"నేనే అవ్వా. ఎవరు కావాలి?"

"నేను లీలావతిని. తిరుచానూర్లో మాకు లాడ్జి ఉండాది. నగరి నించి వచ్చినోళ్లు దిగి, ఈ కాయితం మర్సిపోయి పోయినారు. సూస్తే ఇందులో అచ్చేసిన వంశవృక్షంలో నా పేరు పక్కన సచ్చినోళ్లకి పెట్టే దణ్ణం బొమ్మ."

లోహిత గబగబా కీబోర్డు ముందుకు లాక్కుంది. "సారీ అవ్వా. ఇప్పుడే డిలీట్ చేసేస్తా."

"నన్నా?"

"మీ చావును."

లీలావతి పగలబడి నవ్వి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "నీ తప్పేం లేదులే. సంపింది మా నాయన. నేను బస్సు కండక్టరు దేవరాజుల్ని కట్టుకున్నా. కులం వేరే. మా నాయన గుండు కొట్టించుకోని, కార్డులు పంచి, నా కర్మ జరిపించినాడు. వీధిలో మగ్గాలన్నీ ఆపుకోని వచ్చి తిని పోయినారు. పప్పు బాగుండిందంట."

"మీకు కోపం రాలేదా?"

"వచ్చింది. ఆ కార్డు ఒకసారి సూడాలని యాభై ఏండ్లుగా వెతుకుతా ఉండా. సావు కార్డు ఇంట్లో ఎవురుంచుకుంటారు? సదివినోళ్లు సదివినట్టే సించేసినారు. మరి ఇదొకటి ఎట్ల మిగిలింది?"

లోహిత తెరమీద కార్డు వెనకవైపు చూపించింది. నారాయణవనం, చెంగమ్మ అని చిరునామా. దానికి అడ్డంగా పోస్ట్‌మ్యాన్ ఎర్రసిరాతో రాశాడు: తీసుకోనన్నారు. అందుకే అది తిరిగి దామోదరం ఇంటికే వచ్చి, ఆ పెట్టెలో పడింది.

లీలావతి ముఖం తెర దగ్గరకు పెట్టి ఆ ఎర్ర అక్షరాలు చదివింది.

"మా మేనత్త," అంది. "ఆమె కూడా కర్మ కూడు తినుంటాదనే అనుకున్నా. ఆమె సచ్చిపోతే సూడను కూడా పోలేదు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పాపా, ఈ కార్డు ఆదివారం అద్దాల పెట్టెలో ఉండాల. అందరూ సూడాల."

ఆ మాటకే తలుపు దగ్గర నిలబడ్డ మనిషి అదిరిపడ్డాడు. పెట్టె ఇచ్చిన హేమచంద్ర, లీలావతి తమ్ముడి కొడుకు. నగరిలో మరమగ్గాల ఓనరు. భాండాగారం ఆఫీసరు యోగానందను వెంటబెట్టుకుని వచ్చింది కూడా ఆ కార్డు కోసమే.

"ఆ కార్డు నాకిచ్చేయమ్మా. పెట్టెలో పొరపాటున వచ్చింది," అన్నాడు లోహితతో. "మా తాత పరువు పోతాది. ఆమెకు కూడా నువ్వే చెప్పు."

"నాతో మాట్లాడొచ్చులే అబ్బోడా. సచ్చినోళ్లతో మాట్లాడితే దోషమని మీ నాయన చెప్పినాడా?"

యోగానంద చెమట తుడుచుకున్నాడు. "ఇచ్చినాయనే అడుగుతా ఉండాడు గదమ్మా లోహితా. ఇచ్చేద్దాం."

ఇచ్చేస్తే ఇంటికెళ్లే లోపే చింపేస్తాడని లోహితకు తెలుసు. పెట్టె ఇచ్చేటప్పుడు హేమచంద్ర సంతకం పెట్టిన ఒప్పందం తెరమీద తెరిచింది.

"సార్, ఒకసారి ఇచ్చింది వెనక్కి ఇవ్వం. ప్రదర్శనలో పెట్టొద్దని అడిగే హక్కు కూడా అందులో ఎవరి సంగతి ఉందో వాళ్లకే. వాళ్లు చనిపోయి ఉంటే వారసులకి."

"నేను వారసుణ్ణే గదా!"

"అయితే ఇదిగోండి తెల్లకాగితం. 'మా అత్త లీలావతి చనిపోయింది' అని రాసి సంతకం పెట్టండి. తీసేస్తా."

హేమచంద్ర పెన్ను మూత తీశాడు. లీలావతి కుర్చీ ముందుకు జరుపుకుని, అతనికి ఎదురుగా నిటారుగా కూర్చుంది.

"రాయి అబ్బోడా. మీ తాత నన్ను సూడకుండా రాసినాడు. నువ్వు నన్ను సూస్తా రాయి."

హేమచంద్ర కాగితం మీద పెన్ను ఆనించాడు. చుక్క పడింది గానీ అక్షరం పడలేదు. చివరికి మూత పెట్టేశాడు.

"సరే, పెట్టుకోండి. బోర్లా పెట్టండి. మా తాత పేరు పైకి కనబడకూడదు. వెనకాల అడ్రసే గదా ఉండేది, అది కనబడితే సాలు."

యోగానంద హమ్మయ్య అనుకున్నాడు. లోహిత నోరు తెరవబోయింది. లీలావతి కంటిసైగతో ఆపింది.

"అట్లనే కానీప్పా. నాకు కావాల్సిందీ ఆ పక్కే."

ఆదివారం నగరి నుంచి రెండు వ్యాన్ల నిండా బంధువులు దిగారు. దామోదరం పట్టుచీర నమూనాలూ బహుమతి పత్రాలూ చూసి మెచ్చుకుంటూ వచ్చి, చివరి అద్దాల పెట్టె దగ్గర ఆగారు. లోపల ఒక కార్డు, దాని వెనకవైపు, ఎర్రసిరా. పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో, ఎవరు లేవమన్నా లేవకుండా, ఒక పెద్దావిడ.

"చెంగమ్మక్క ఏందో తీసుకోలేదంట," అన్నాడు పంచె కట్టుకున్న ముసలాయన, కళ్లద్దాలు సర్దుకుంటూ. "ఏం కార్డు ఇది?"

"నా కర్మ కార్డు," అంది లీలావతి. హేమచంద్ర గుంపును తోసుకుంటూ వచ్చేలోపే గొంతు పెంచింది. "దామోదరం కూతుర్ని. అందరూ దగ్గరికి రాండి, చెప్తా."