రుబాత్ వెనక బస్సు

ఇరవై ఆరు సీట్ల బస్సు. అందులో ఉన్నది ఒక్కడే మనిషి, అదీ డ్రైవరు.

1991 జనవరి పదిహేడున, మధ్యాహ్నం దాటాక అసర్ నమాజు వేళకు, హుఫూఫ్ ఖర్జూరపు తోటల్లోని పాత రుబాత్ ముందు నబీ రసూల్ బస్సు ఆపాడు. సరిహద్దు ఊరు ఖఫ్జీ నుంచి నాలుగొందల యాభై కిలోమీటర్లు ఎక్కడా దిగకుండా వచ్చాడు.

రుబాత్ ఒకప్పుడు మఠం. దేశదేశాల నుంచి మత విద్య కోసం వచ్చే ఫకీర్లకు రెండొందల ఏళ్ల కిందట ఒక వర్తకుడు కట్టించాడు. మట్టిగోడలు, ఖర్జూరపు మొద్దుల కప్పు, మధ్యలో బావి ఉన్న వాకిలి, చుట్టూ పద్నాలుగు చిన్న గదులు. గదికో చాప, గోడలో ఒక గూడు. చదువులు ఆగిపోయాక ఆ కుటుంబం వాళ్లు దాన్ని బాటసారులకు సత్రంగా ఉంచారు. చూసుకునేది కర్నూలు నుంచి వచ్చిన మహబూబ్ సుభాని. రెండేళ్ల కిందట స్పేరు పార్టుల పని మీద వచ్చినప్పుడు నబీ రసూల్ అక్కడే దిగాడు.

అక్కడొక పద్ధతి ఉంది. వచ్చినవాడికి ఖహ్వా అనే అరబ్బు కాఫీ, ఖర్జూరాలు పెడతారు. మూడు రోజుల దాకా ఎక్కడినుంచి వచ్చావని అడగరు, ఎందుకొచ్చావని అడగరు. అరబ్బుల పాత మర్యాద అది. మిగతావాళ్లకు మర్యాద. నబీ రసూల్‌కు మాత్రం ఆ రోజు అది దాక్కోవడానికి దొరికిన కలుగు.

బస్సును రుబాత్ వెనక తోటలోకి తోలి, ఖర్జూరపు చాపలు కప్పాడు. సుభాని గోడ దగ్గర నిలబడి చూశాడు. తనూ ఒక చాప తెచ్చి వెనక అద్దం మీద వేశాడు.

నబీ రసూల్ గదిలోకి పోయి తలుపు మూసుకున్నాడు. కళ్లు మూస్తే ఖఫ్జీ కనబడుతోంది. ఆ ఉదయం యుద్ధం మొదలైంది. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన గుండ్లు ఊరి చివర ఆయిల్ ట్యాంకు మీద పడ్డాయి. క్యాంపు ఇంజనీరు విశ్వనాథం పరుగున వచ్చి, కంపెనీ రెండో క్యాంపులో ఇరవై రెండు మంది పనివాళ్లు సామానుతో సిద్ధంగా ఉన్నారనీ, తను ముందుపోయి వాళ్లతో ఉంటాననీ, బస్సు తెచ్చి అందరినీ ఎక్కించుకొమ్మనీ చెప్పాడు. ఆ ఇరవై రెండు మందిలో దావూద్ ఒకడు. తన భార్య బషీరున్నీసాకు తమ్ముడు. ప్రొద్దుటూరు నుంచి వీసా తీయించి తీసుకొచ్చింది నబీ రసూలే.

సగం దారిలో నల్లటి పొగ రోడ్డుకు అడ్డంగా వచ్చింది. కూడలిలో ఎడమకు తిరిగితే క్యాంపు. కుడికి తిరిగితే దక్షిణానికి పోయే దమ్మాం రోడ్డు. చేతులు స్టీరింగును కుడికి తిప్పేశాయి. యాభై కిలోమీటర్లు దాటాక అద్దంలోకి చూస్తే వెనక అన్నీ ఖాళీ సీట్లు. అప్పుడైనా తిరగొచ్చు. తిరగలేదు.

మూడు రోజులు ఇక్కడ ఉండి, రియాద్ పోయి, ఎంబసీలో కాళ్లావేళ్లా పడి ఇంటికి వెళ్లిపోవాలి. అదీ అతని ఆలోచన. దావూద్ గురించి బషీరున్నీసాకు ఏం చెప్పాలన్న దగ్గరికి వచ్చేసరికి ఆ ఆలోచన తెగిపోయేది.

మూడో రోజు పొద్దున లారీ చప్పుడైంది. గొర్రెలను తోలే లారీ. అందులోంచి దుమ్ము కొట్టుకున్న మనుషులు దిగి వాకిలి నిండా కూలబడ్డారు. నబీ రసూల్ తలుపు సందులోంచి చూశాడు. విశ్వనాథం. వంటవాడు మస్తాన్ వలీ. అందరూ ఆ క్యాంపు వాళ్లే. రెండు రాత్రులు దమ్మాంలో ఆగి వచ్చిన వాళ్లను, హుఫూఫ్ హోటళ్లు నిండిపోతే కంపెనీ ఆఫీసు ఇక్కడికి పంపిందట.

ఒక్కొక్కళ్లనూ లెక్కపెట్టాడు. దావూద్ లేడు.

బావి దగ్గర ముఖం కడుక్కుంటూ విశ్వనాథం సుభానికి జరిగింది చెబుతున్నాడు. బస్సు కోసం మధ్యాహ్నం దాకా కాచుకున్నారు. రాలేదు. గుండు నేరుగా బస్సు మీదే పడి ఉంటుందనుకున్నారు. ఎవరో పాకిస్తానీ దయతలచి లారీ ఎక్కించుకుంటే, దావూద్ మాత్రం ఎక్కనన్నాడు. బావ శవమైనా చూడకుండా అక్కకు మొహం చూపించలేనని పొగలోకి నడిచిపోయాడు. తర్వాత సంగతి ఎవరికీ తెలీదు.

"ఆ రసూల్ భార్యకి తంతి ఇవ్వాలండీ," అన్నాడు విశ్వనాథం. "ఏమని రాయాలో తోచడం లేదు. ఆఫీసు ఎక్కడో చెప్పండి, నేనే వెళ్తాను."

నబీ రసూల్ చాప మీద ముడుచుకున్నాడు. బయటికి పోకపోతే తను చచ్చిపోయినవాడు. చచ్చిపోయినవాడిని ఎవరూ తిట్టరు. పైగా అందరూ ఏడుస్తారు. బషీరున్నీసా కూడా. అక్కడ దావూద్ మాత్రం, లేని బావ శవం కోసం గుండ్ల మధ్య తిరుగుతూ ఉంటాడు.

తలుపు తోసుకుని సుభాని వచ్చాడు. ఖహ్వా గిన్నె కింద పెట్టాడు. అతిథి కళ్లల్లోకి చూడకుండా గూట్లో దుమ్ము తుడిచాడు.

"నేనేమీ అడగను," అన్నాడు. "తంతాఫీసు పది గంటలకు తీస్తారు. అంతే చెప్పిపోదామని వచ్చినా."

ఖహ్వా చల్లారిపోయింది. విశ్వనాథం చెప్పులేసుకుంటున్న చప్పుడు వినబడింది. నబీ రసూల్ లేచి తలుపు తీశాడు.

వాకిట్లో ఉన్నవాళ్లంతా వచ్చి మీదపడ్డారు. మస్తాన్ వలీ అయితే మెడ పట్టుకుని ఏడ్చేశాడు. ఎట్లా బతికావు, ఎవరు తెచ్చారు, దెబ్బలు తగిలాయా అని ప్రశ్నలు. బస్సు పోతే పోయింది, మనిషి దక్కాడు, అదే చాలు అన్నాడు విశ్వనాథం.

అబద్ధం నోటి దాకా తయారై వచ్చింది. గుండు పడింది, దూకేశాను, తెలివితప్పింది. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. వాళ్లే మిగతాది అల్లుకుంటారు.

"బస్సు పోలేదు సార్," అన్నాడు నబీ రసూల్. "ఎనక తోటలో ఉంది. నేనే తోలుకోనొచ్చినా. క్యాంపుకు రాలేదు. భయమేసి నేరుగా వచ్చేసినా."

మెడ మీది మస్తాన్ వలీ చేతులు మెల్లగా జారిపోయాయి. అతను రెండడుగులు వెనక్కి వేసి ముఖం తుడుచుకున్నాడు.

"ఇరవై ఆరు సీట్లల్లో ఒక్కనివే వస్తివా అన్నా," అన్నాడు. "కాళ్లు బాగా బార్లా చాపుకోని వచ్చింటావే."

విశ్వనాథం కోప్పడితే బాగుండేది. ఆయన చెప్పులు విడిచి, సంచిలోంచి కంపెనీ కాగితం తీసి, మనుషులను తేవడానికి ఈ బస్సును పంపుతున్నామని ఇంగ్లీషులో, అరబ్బీలో రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం చేతికివ్వలేదు. బావి గట్టు మీద పెట్టి పక్కకు తిరిగాడు.

పావుగంటలో నబీ రసూల్ ఆ కాగితం జేబులో పెట్టుకుని, దావూద్ కోసం బస్సును ఉత్తరం వైపు తోలుతున్నాడు. ఎదురుగా వచ్చేవన్నీ దక్షిణానికి పారిపోయే కార్లు, వాటి కప్పుల మీద పరుపులు. ప్రతి చెక్‌పోస్టులోనూ సైనికులు పిచ్చివాణ్ని చూసినట్టు చూసి కాగితం తిరిగిచ్చారు. ఖఫ్జీకి నలభై కిలోమీటర్ల ఇవతల మాత్రం ఆపేశారు. ఇక ముందుకు పురుగును కూడా పోనివ్వమన్నారు. వాళ్లతో వాదిస్తుండగానే, మూసేసిన పెట్రోలు బంకు నీడలోంచి ఒకడు పరుగెత్తుకొచ్చాడు. చొక్కా మసిబట్టింది. కాలికి ఒకటే చెప్పు. సైనికులు ఊళ్లోంచి తరిమేస్తే, దావూద్ రెండు రోజులుగా అక్కడే కూర్చుని, వచ్చే పోయే బండినల్లా ఆపి, తెల్ల బస్సు చూశారా అని అడుగుతున్నాడట.

నవ్వుతూ, ఏడుస్తూ ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. నబీ రసూల్ బస్సు తిప్పాడు.

"యాడ ఆగిపోయింది బావా బస్సు?" అన్నాడు దావూద్. "నేను కాలిపోయిన బండి ప్రతిదాంట్లో తల పెట్టి చూసినా."

"యాడా ఆగలేదు దావూద్. పొగ చూసి దమ్మాం రోడ్డుకు తిప్పేసినా. మీరున్నారని తెలుసు."

దావూద్ బస్సు ఆపమన్నాడు. దిగి, ఒంటి చెప్పుతో ఇసుక అంచున నడవడం మొదలుపెట్టాడు. నబీ రసూల్ తలుపు తెరిచే ఉంచి, మొదటి గేరులో పక్కనే తోలాడు. ఉత్తరాన ఫిరంగుల మోత లీలగా వినిపిస్తోంది. ఒక కిలోమీటరు అట్లా నడిచాక దావూద్ మళ్లీ ఎక్కాడు. ఈసారి వెనక సీట్లో కూర్చున్నాడు.

"అక్కకు నేను చెప్పను," అన్నాడు. "నువ్వే రాయి. జరిగింది జరిగినట్టు రాయి."

మర్నాడు రుబాత్ వాకిట్లో కూర్చుని నబీ రసూల్ ఉత్తరం రాశాడు. ఎక్కడ తిప్పాడో, ఎవరిని వదిలేశాడో, ఎక్కడ దాక్కున్నాడో అంతా రాశాడు. మడవకుండా దావూద్ ముందు పెట్టాడు. దావూద్ నిదానంగా చదివి, కలం తీసుకుని చివర ఒక వాక్యం చేర్చి వెనక్కి తోశాడు.

'అక్కా, బావ నాకోసం మళ్లీ వచ్చినాడు, అది ఈయన రాయలేదు.'

మస్తాన్ వలీ మాటకు కూడా దించని తలను నబీ రసూల్ అప్పుడు దించేశాడు. ఉత్తరం కవరులో పెట్టడం చేతకాక, అట్లాగే సుభాని చేతికిచ్చాడు.