నాలుగో గుమ్మడికాయ

"గుమ్మడికాయలు ఎవులూ ముట్టుకోకండి. మజ్జానానికి వచ్చి నేను కొడతాను," అని భీమేశ్వరరావు గొడుగు చంకలో పెట్టుకుని గోపాల్‌పూర్ రేవుకి జట్కా ఎక్కాడు. రంగూను స్టీమరులో సరుకు వస్తోందట. బరంపురం గేట్ బజారులో అతనికి బట్టల కొట్టు ఉంది.

అప్పటికి ఆదివారం ఉదయం ఏడు గంటలు. మాఘమాసం. అతని భార్య ఆదిలక్ష్మి వసారాలో కూర్చుని కుంచెడు మినపప్పు చేటలో పోసి రాళ్ళు ఏరుతోంది. గోడవారగా నాలుగు బూడిద గుమ్మడికాయలు ఉన్నాయి. పాత్రపూర్‌లో ఆమె తల్లి దొడ్లో కాసినవి. పది రోజుల కిందట అక్కడి పాలేరు పైడన్న బండిలో వచ్చాయి.

బరంపురంలో తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఆడది నిండు గుమ్మడికాయ మీద కత్తి పెట్టదు. మొదటి వేటు మగవాడిది. ఆడది వేస్తే ఇంటి మగవాడికి కీడు అంటారు. ఆ ఒక్క వేటు పడ్డాక కాయ ఆడవాళ్ళది. ఇక దాన్ని ఎవరు తరిగినా, ఎంతసేపు తరిగినా అడిగేవాళ్ళు లేరు.

ఆదిలక్ష్మి ఈ ఇంటికి వచ్చి తొమ్మిదేళ్ళు. తొమ్మిది మాఘాలూ ఒకలాగే జరిగాయి. భీమేశ్వరరావు స్నానం చేసి వస్తాడు. కాయకి పసుపూ కుంకుమా పెట్టి ఆమె పీట ముందు ఉంచుతుంది. అతను కత్తి ఎత్తి ఒక్క వేటు వేస్తాడు. చేతికి అంటిన బూడిద దులుపుకుని మజ్జిగ అడుగుతాడు. అక్కడికి అతని పని అయిపోతుంది. అక్కణ్ణించి ఆమె గింజలు తీసి, తొక్కతో సహా ముక్కలు కందిగింజంత తరిగి, ఉప్పూ పసుపూ కలిపి, గుడ్డలో మూటకట్టి సన్నికల్లు కింద పెడుతుంది. తెల్లవారేసరికి నీళ్ళన్నీ దిగిపోవాలి. ఆ వేళకి నానిన పప్పుని నీళ్ళు తగలకుండా రుబ్బాలి. పచ్చిమిరపకాయలు నూరాలి. ముక్కలు కలిపి, ఎండ వచ్చేలోగా పంచె మీద వడియాలు పెట్టాలి. మూడు ఎండలు తగలాలి. కాకుల్ని తోలాలి. ఫాల్గుణంలో అప్పడాలు, చైత్రంలో చింతపండు, వైశాఖంలో ఆవకాయ, వానలు పడేలోగా పాత చీరలతో బొంతలు. ఏ కాలం పని ఆ కాలానికి కాచుకుని ఉంటుంది. ఇంటికి వచ్చిన బేరగాళ్ళకి భోజనంలో వడియాలు వేసినప్పుడు మాత్రం భీమేశ్వరరావు అంటాడు: "తినండి, తినండి. మా ఇంటి వడియాలు. నా సేత్తో కొట్టిన కాయ." వాళ్ళు కరకరలాడించి, "మీ సెయ్యి మంచిదండి" అంటారు. మొదటి రెండేళ్ళూ ఆదిలక్ష్మికి అందులో ఏమీ అనిపించలేదు. మూడో ఏడు తలుపు చాటున నిలబడి తన చేతులు చూసుకుంది. మిరపకాయల మంట అప్పటికింకా పోలేదు.

ఈ ఏడు ఆమెకి తొందర ఉంది. సంక్రాంతి వెళ్ళాక అత్తగారిని ఒక మాట అడిగింది.

"అత్తా, పది రోజులు పాత్రపూర్ ఎల్లొస్తాను."

అత్తగారు గురువమ్మ వత్తులు చేస్తోంది. తల ఎత్తలేదు. "ఏటే, మీయమ్మకి ఒంట్లో బాగునేదా?"

"బాగానే ఉందత్తా."

"పెళ్ళా, పేరంటమా?"

"ఏటీ లేదు."

"మరెందుకే?"

ఆదిలక్ష్మి దగ్గర జవాబు లేక కాదు. పుట్టింట్లో మధ్యాహ్నం అన్నం తిన్నాక చాప మీద పడుకోవచ్చు. గోడ మీది ఎండ గోడ దిగి వెళ్ళిపోయేదాకా పడుకోవచ్చు. మంచినీళ్ళు అని ఎవరూ కేకెయ్యరు. అమ్మ వచ్చి నిద్రపోతున్నావా అని కూడా అడగదు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోతుంది. ఈ మాట అత్తగారితో ఎలా చెప్పడం? చెప్పడానికి ఒక జబ్బో ఒక చావో కావాలి. అబద్ధమాడితే పోయేది. అమ్మకి జబ్బు చేసిందనడానికి నోరు రాలేదు.

"ఊరకేనే అత్తా," అంది.

గురువమ్మ ఇంకో వత్తి చేసి పక్కన పెట్టింది. "వడియాలు ఎండి జాడీలో పడ్డాక ఎల్లు."

ఆ మాట అంతకుముందు మూడేళ్ళూ కూడా అంది. ఒక ఏడు వాన పడి వడియాలు బూజు పట్టాయి. ఒక ఏడు కూతురు వాసవికి తట్టు పోసింది. నిరుడు భీమేశ్వరరావు చికాకోలులో పని ఉందని వెళ్ళి రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. వేటు ఆలస్యమైంది, వడియాలు ఆలస్యమయ్యాయి. పైడన్న ఎడ్లు కట్టి మిట్టమధ్యాహ్నం దాకా వీధిలో నిలబడ్డాడు.

"అమ్మగోరికేటి సెప్పమంటారు?" అని అడిగాడు చివరికి.

"వడియాలు ఎండలేదని సెప్పు," అంది ఆదిలక్ష్మి. బండి ఖాళీగా పోయింది.

ఈసారి పైడన్న బుధవారం బెల్లం తెస్తాడు. గురువారం పొద్దున తిరిగి వెళ్తాడు. శుక్రవారం ఆడపిల్లని గడప దాటించరు. ఆ తరవాత చెరకు తోలకాలు, ఎడ్లకి తీరిక ఉండదు. కాయ ఆదివారం కొడితే వడియాలు సోమవారం పెడతారు. సోమ, మంగళ, బుధ. మూడు ఎండలు. సోమవారం కొడితే రెండే. ఆదిలక్ష్మి ఈ లెక్క వేళ్ళ మీద ఎన్నిసార్లు వేసిందో.

మధ్యాహ్నమైంది. కాయలకి పసుపు పెట్టింది. కత్తి కడిగి పీట పక్కన పెట్టింది. ఒంటిగంట, రెండు. జట్కా గంటలు వినబడినప్పుడల్లా వీధిలోకి తొంగిచూసింది. రెండున్నరకి కొట్టు గుమాస్తా వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు.

"గోపాల్‌పూర్ నుంచి కబురమ్మా. స్టీమరు ఇంకా రానేదంట. షావుకారు రేపు వస్తానన్నారు."

ఆదిలక్ష్మి గుమాస్తాని ఎగాదిగా చూసింది. యాభై ఏళ్ళ మనిషి. మీసాలున్నాయి.

"అత్తా, గుమాస్తాగారు కొడితేనో?"

"ఇంటి మగోడుండగా పైవాడి సేత కొట్టిస్తారేటే? మతి పోనాదా?" అంది గురువమ్మ.

గుమాస్తా అప్పటికే రెండు మెట్లు దిగాడు. "కొట్లో ఎవులూ నేరమ్మా," అని వెళ్ళిపోయాడు.

"రేపు కొడతాడులే. కాయలేటి పారిపోతాయా?" అని గురువమ్మ లోపలికి వెళ్ళి పడుకుంది.

ఆదిలక్ష్మి వసారాలో కాయల ముందు కూర్చుంది. రేపు. నిరుడూ ఇలాగే రేపు అన్నారు. ఆమెకి భయం లేదనడం అబద్ధం. కీడు అన్న మాట చిన్నప్పటినుంచీ వింది. భర్తకి చెడు జరగాలని ఆమె ఏనాడూ కోరుకోలేదు. గోపాల్‌పూర్ సముద్రం, స్టీమరు దగ్గరికి పోయే పడవలు కళ్ళ ముందు ఆడాయి. మెళ్ళో మంగళసూత్రాలు రవికలోకి తోసుకుంది, అడ్డం రాకుండా. ఆ చేత్తోనే కాయని దగ్గరికి లాక్కుంది. అరచేతికి బూడిద అంటింది. ఈ ఇంట్లో పొట్లకాయ, సొరకాయ, పనసకాయ, కంద అన్నీ ఈ చేతులే కోశాయి. ఈ కాయ తీగకి నీళ్ళు పోసింది అమ్మ. నీళ్ళు పోసిన చేతికి లేని కీడు కోసిన చేతికేమిటి అనుకుందో, ఏమీ అనుకోలేదో, తరవాత ఆమెకే గుర్తు లేదు. గడియారం మూడు కొట్టడం మాత్రం గుర్తుంది. కత్తి ఎత్తి వేసింది.

కాయ రెండు చెక్కలైంది. లోపల తెల్లగా ఉంది. గింజలున్నాయి. నీళ్ళు పీట మీదికి కారాయి. వీధిలో ఎవరో ఒరియాలో ఉల్లిపాయలని అరుస్తూ పోతున్నారు. అంతే. రెండో కాయ కొట్టింది. మూడోది కొట్టింది. కుంచెడు పప్పుకి మూడు చాలు.

చప్పుడుకి గురువమ్మ లేచి వచ్చింది.

"కొట్టీసినావేటే?"

"కొట్టీసినానత్తా."

గురువమ్మ ముందు వీధి తలుపు వైపు చూసింది, అప్పుడే ఎవరో కబురు తెస్తారన్నట్టు. ఎవరూ రాలేదు. తరవాత రెండో కత్తిపీట తెచ్చుకుని కోడలి ఎదురుగా కూర్చుని ఒక చెక్క అందుకుంది.

"ముక్కలు సిన్నవి తరుగు. ఉప్పు పట్టాల," అంది.

తరుగుతూ తరుగుతూ తల ఎత్తకుండానే చెప్పింది. "ఒక ఏడు మీ మావగారు రేపు రేపని నాలుగు రోజులు రానేదు. నానబోసిన పప్పు పులిసిపోనాది. కుడితిలో పోసీసినాను. వచ్చి, పప్పు పాడుసేసినానని సెంప మీద కొట్టేరు. నలుగురిలోన."

"నువ్వేటన్నావత్తా?"

"ఏటంటాను? మల్లీ నానబోసినాను." తరిగిన ముక్కలు పళ్ళెంలోకి తోసింది. "ఆడొచ్చి అడిగితే నేను సెప్తాను. నువ్వు మాటాడకు."

సోమవారం ఎండ వచ్చేసరికి పెరట్లో రెండు నులకమంచాల మీద పాత పంచెలు పరిచి వడియాలు పెట్టేశారు. రుబ్బురోలు దగ్గర కూర్చున్నంతసేపూ ఆదిలక్ష్మి చెవి వీధిలోనే ఉంది. పది గంటలకి జట్కా ఆగింది. భీమేశ్వరరావు దిగాడు. రెండు కాళ్ళ మీద నడిచి వచ్చాడు. చంకలో గొడుగు కూడా ఉంది. ఆమె పందిరి రాట పట్టుకుని ఊపిరి వదిలింది.

"కత్తీ పీటా తెండి, ఒక్క వేటు ఏసీసి కొట్టుకెల్లాల," అంటూ అతను పెరట్లోకి వచ్చి మంచాలు చూశాడు. "ఎవులు కొట్టేరు?"

"నీ పెళ్ళాం," అంది గురువమ్మ.

"ఏటీ?"

"నువ్వు రానేదు. పిల్ల కొట్టింది."

"ఎప్పుడు?"

"నిన్న మూడు గంటలకి."

భీమేశ్వరరావు మొహం పాలిపోయింది. అరుగు మీద కూలబడి గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నుదురు తడిమి చూసుకున్నాడు. మోకాళ్ళు నొక్కుకున్నాడు. తరవాత పైకే లెక్క వేసుకున్నాడు. "మూడు గంటలకి... మూడు గంటలకి నాకేటీ అవనేదే. బంగళా వరండాలో ఉన్నాను. అప్పుడే మంచి ముక్కలు పడ్డాయి. నాలుగాటలు వరసన నావే..."

అక్కడ ఆగాడు.

"ఏటి ముక్కలురా?" అంది గురువమ్మ.

అతను పంచె దులుపుకున్నాడు.

"స్టీమరు ఎప్పుడొచ్చిందిరా?"

"నిన్న మజ్జానం పన్నెండింటికి," అన్నాడు, గొడుగు వైపు చూస్తూ.

ఆదిలక్ష్మి మంచం మీదికి వంగి, వంకరగా పడ్డ ఒక వడియాన్ని సరిచేసింది. నవ్వు వస్తోంది. పెదవి కొరికి ఆపుకుంది. నిరుటి చికాకోలు కూడా ఇదేనా అని అడగలేదు. కోపం రావాలి, రాలేదు. చంకలోంచి బిందె దించినట్టుంది. ఎదురుచూడడం కూడా వడియాల్లో ఒక పని అనుకుంది ఇన్నేళ్ళూ.

మూడు ఎండలూ బాగా కాశాయి. బుధవారం సాయంత్రం గురువమ్మ ఒక వడియం విరిచి చూసింది. టక్కుమంది. జాడీలోకి ఎత్తి మూతకి గుడ్డ కట్టింది.

గురువారం పొద్దున్న పైడన్న బండి కట్టాడు. గడ్డి మీద బొంత పరిచాడు. ఆదిలక్ష్మి వాసవిని ఎక్కించి తనూ ఎక్కింది. ఒళ్ళో అమ్మకోసం వడియాల మూట పెట్టుకుంది. భీమేశ్వరరావు గుమ్మంలో నిలబడ్డాడు. బండి కదలబోతుంటే గొంతు సవరించుకున్నాడు.

"ఆ నాలుగో కాయ ఎవులూ ముట్టుకోకండి. అది నేనే కొడతాను."

"కొట్టు నాయనా," అంది వెనకనించి గురువమ్మ. "కొట్టి, తరిగి, ఉప్పెట్టి, మూటగట్టి, పప్పు రుబ్బు. కాకుల్నీ తోలు. పిల్ల పది రోజులదాకా రాదు."

పైడన్న నవ్వు దాచుకోవడానికి ఎద్దు మెడ మీద కాడి సవరించాడు.

"పది కాదత్తా, పదిహేను," అంది ఆదిలక్ష్మి బండిలోంచి.

ఎందుకని ఎవరూ అడగలేదు.