పసుపుగీత పిట్టల లెక్క

మూడో చోట కూడా అయిదు నిమిషాలు గడిచాయి. జపార్‌కుల్ కుడి జేబులోంచి ఒక్క ఎండబెట్టిన పెరుగు ఉండ కూడా ఎడమ జేబులోకి మారలేదు. గొర్రెతోలు చేతి తొడుగులతో పెన్సిలు పట్టడం కుదరదు. అందుకని పిట్ట కూత వినపడినప్పుడల్లా ఒక ఎండు పెరుగుండను ఇటునుంచి అటు వేసుకోవడం ఆయన పద్ధతి. నెత్తిన పసుపు గీత ఉండే ఆ బొటనవేలంత పిట్ట చెట్ల చిటారున తిరుగుతుంది, కంటికి చిక్కదు. ఈల కన్నా సన్నని దాని కూతను చెవితోనే లెక్కపెట్టాలి. ఏటా ఏప్రిల్‌లో ఈ అడవిలో పన్నెండు చోట్ల ఆగి, ఇరవయ్యారేళ్లుగా ఆయన చేస్తున్నది ఇదే.

జపార్‌కుల్‌ను ఎవరూ రెండోసారి తల తిప్పి చూడరు. పొట్టి మనిషి, వంగిన భుజాలు, అతుకులేసిన బూట్లు. అటవీ కాపలాదారుగా ఆయన పేరు ఎక్కడైనా అచ్చయిందంటే, అది పిట్టల లెక్క కింద చిన్న అక్షరాల్లోనే. ఆ చిన్న అక్షరాలంటే ఆయనకు ప్రాణం.

అయిదేళ్ల కిందటి చలికాలంలో గొర్రెలు నిలబడ్డవి నిలబడ్డట్టే గడ్డకట్టుకుపోయాయి. ఆ వసంతంలో పిట్టలు సగమయ్యాయి. తర్వాత చలి మెత్తబడినా అవి పెరగకపోగా ఏటా తరిగాయి. ఈ శీతాకాలం మళ్లీ విరుచుకుపడింది. అడవిలో ఒక్క కూతా వినపడక, పిట్టలన్నీ పోయినట్టేనని పోయిన వారం రాజధాని బిష్కెక్‌లోని పరిశోధకురాలు గుల్బారాకు ఆయనే ఫోన్ చేసి చెప్పాడు.

నాలుగో చోట ఆగారో లేదో, "అదిగో, మొదలెట్టింది," అంది భార్య బురుల్చా. మొన్న మంచుమీద జారిపడ్డాడని ఈసారి ఆయన్ని ఒంటరిగా పంపకుండా వెంట వచ్చింది.

"ఏది?"

"నీ పిట్టే. చెవులు చిల్లులు పడేట్టు అరుస్తుంటే?"

"వేళాకోళం చాలించవే. పనిలో ఉన్నా."

"రొట్టె మీద ఒట్టు, ముసలోడా! ఆ పై కొమ్మ చూడు."

రొట్టె మీద ఒట్టంటే ఆమె అబద్ధం చెప్పదు. ఆయన దుర్భిణి ఎత్తాడు. పిట్ట ఉంది. ముక్కు తెరుచుకుంది, గొంతు అదురుతోంది, ఒళ్లంతా వణికేలా కూస్తోంది. ఆయనకు గాలి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ముందు సంతోషమేసింది, బతికే ఉందని. వెంటనే దుర్భిణి దించేశాడు. ఇన్నేళ్లలో చలికి చచ్చినవెన్ని? తన ముసలి చెవికి అందనివెన్ని? ఎంత ఆలోచించినా ఒక్క ఏడాది లెక్కా తేలలేదు.

"పిలిస్తే పలకవు. పొగరనుకున్నా ఇన్నాళ్లూ," అంది బురుల్చా మెల్లగా. ఆ మాట మాత్రం ఆయనకు స్పష్టంగా వినిపించింది.

అయిదో చోటు గుట్ట మీద ఉంది. అక్కడ ఫోన్ పలుకుతుంది. గుల్బారాకు జరిగింది చెప్పాడు.

"అన్నా, ఏ ఏడాది నుంచి వినపడటం లేదు?"

"తెలీదమ్మా."

"పెద్ద చలి వచ్చిన ఏడాది లెక్కైనా నిజమేనా?"

"నిజమే అనుకుంటా... ఏమో. గొర్రెలు చచ్చింది నిజం. పిట్టల సంగతి ప్రమాణం చేసి చెప్పలేను."

"అయితే ఆ ఏళ్ల లెక్కలన్నీ పక్కన పెట్టాలి."

"పెట్టండి. చెవులు బాగున్నవాళ్లెవరినైనా చూసుకోండి."

ఫోన్ పెట్టేశాక గాని తెలియలేదు, తన పనికి తానే సెలవు చెప్పేశానని. ఏడుపొచ్చింది. ఏడవలేదు.

ఎండెక్కితే పిట్టలు కూత ఆపేస్తాయి. ఈ గుట్టతో కలిపి ఇంకా ఎనిమిది చోట్లు మిగిలాయి. ఆయన జేబు ఖాళీచేసి ఉండలన్నీ భార్య దోసిట్లో పోశాడు.

"ఒక్కో పిట్టకు ఒకటి. అదే పిట్ట మళ్లీ కూస్తే లెక్కెయ్యకు."

"మధ్యలో ఆకలేస్తే తినొచ్చా?"

"చంపుతా."

ఆమె నవ్వి, బాగా వినపడాలని తలకు చుట్టుకున్న ఉన్ని శాలువా విప్పి కొమ్మకు తగిలించి, చెట్లలోకి నడిచింది. జపార్‌కుల్ పడిపోయిన మానుమీద కూర్చున్నాడు. పిట్టలు కూస్తున్నాయో లేదో ఆయనకు తెలియలేదు. ఎదురుగా ఎర్ర శాలువా గాలికి ఊగుతోంది, ఆమె చెవులను కప్పిన చోట పడ్డ మడతలు ఇంకా విడలేదు.