కెమెరా వెనకాల తాత

మాది తాతల నాటి ఫోటో స్టూడియో. గోడల నిండా ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళు, పిల్లలు. తాత ఫోటో మాత్రం ఒక్కటీ లేదు. నాన్న పాకే వయసులోనే ఆయన పోయాడట. "మా నాన్న మొహం ఒక్కసారి చూడాలని ఉందే" అని నాన్న అన్నప్పుడు నాకు ఏడుపూ కోపమూ రెండూ వచ్చాయి. ఊరందరి మొహాలూ దాచిన ఇంట్లో ఇదేం ఖర్మ!

వంశవృక్షం గీద్దామని కూర్చున్నాను. తాత సంగతి వదిలేసి, ముత్తాతల ముత్తాతల కోసం కళ్ళు పీక్కుపోయేదాకా కంప్యూటర్లో వెతికాను. పక్క వీధిలో ఉన్న మేనత్తను అడగాలని తోచనేలేదు. నా తెలివి అలా తెల్లారింది.

అత్తయ్య నాన్నకంటే చాలా పెద్దది. చివరికి పాత ఆల్బమ్ తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను.

"తాత ఒక్కదాంట్లోనూ లేడేంటత్తా?"

"లేకపోవడమేంటే? అన్నిట్లోనూ ఉన్నాడు. మేమంతా ఎవరికేసి చూసి నవ్వుతున్నాం మరి?"

ఆల్బమ్ మళ్ళీ మొదటినుంచి తిరగేశాను. "మరి తాతను ఎవరూ ఫోటో తీయలేదా?" అన్నాను.

"ఎదురు స్టూడియో ఆయన తీసేవాడు. ఇద్దరికీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేదనుకో. అయినా కొత్త కెమెరా కొంటే, ఎలా పనిచేస్తుందో చూడ్డానికి ఒకళ్ళ ముందు ఒకళ్ళు కూర్చోవాల్సిందే. పరీక్ష కోసం గిరాకీని అంతసేపు కూర్చోబెడితే లేచిపోరూ? ఆ స్టూడియో ఊసెత్తితే మీ నాన్న విననిస్తేగా!"

నాన్న ఆ గుమ్మం ఎన్నడూ తొక్కలేదు. తండ్రి తగాదా తనకు ఆస్తిగా వచ్చిందనుకున్నాడు కాబోలు. నేనూ అత్తయ్యా వెళ్ళాం. ఇప్పుడా ఎదురు స్టూడియో నడుపుతున్న ఆ పెద్దాయన మనవరాలు మారుమాట్లాడకుండా అటకమీది రేకుపెట్టె దించింది. నెగెటివ్‌లు ఒక్కొక్కటే కిటికీ వెలుగుకు పట్టి చూశాం. ఒకచోట అత్తయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆగు. మా నాన్నే. ఒళ్ళో ఉన్నది మీ నాన్న."

ఆ పిల్లే ప్రింటు వేసిచ్చింది. అత్తయ్యతో కలిసి ఇంటికి తెచ్చి నాన్న చేతిలో పెట్టాను. కుర్చీలో కూర్చుని నవ్వుతున్న తాత, ఆయన ఒళ్ళో గుండుతో ఓ బుడతడు.

నాన్న కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు. "లైటు సరిగా వేయలేదు" అన్నాడు. "పిల్లాడు కదిలిపోయాడు కూడా."

ఎదురు స్టూడియో పనిని ఎప్పుడు మెచ్చుకున్నాడు గనక! ఒళ్ళు మండి ఏదో అనబోయాను. అత్తయ్య నన్ను ఆపి ఫోటో మీద వేలు పెట్టింది.

"కదలడా మరి? కెమెరాకేసి చూడరా అని మేమంతా చిటికెలు వేస్తూనే ఉన్నాం. నువ్వు తలెత్తి నాన్న మొహంలోకే చూస్తూ కూర్చున్నావు."

నాన్న మళ్ళీ ఫోటో కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నాడు.

"అయితే నేను చూశానక్కా" అన్నాడు.