సిడి ఎక్కిన ఒళ్ళు

గవ్వలపేటలో సంబంధం చూడడానికి వచ్చినవాళ్ళు ముందు కుర్రాడి పాదాలు చూస్తారు, మొహం తర్వాత చూస్తారు. చెప్పులు విప్పాక పట్టీల అచ్చు పాదం మీద ఎంతసేపు నిలిచిందో, కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళందించే వంకతో ఆడవాళ్ళు కనిపెడతారు. అచ్చు పోకుండా ఉంటే కాళ్ళలో నీరు చేరినట్టు. నీరు చేరితే కిడ్నీలు పోతున్నట్టు. ఉద్దానంలో పుట్టినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు.

రక్తపరీక్ష మాత్రం చేయించరు. పరీక్షల బండి ఊళ్ళోకి వచ్చిన రోజున పెళ్ళికాని మగపిల్లలున్న ఇళ్ళకి తాళాలు వేసి ఉంటాయి. ఒకసారి కాగితం మీద అంకె పడిందంటే ఆ గుమ్మంలోకి ఇక ఏ సంబంధమూ రాదు. తెలియనంతకాలం లేనట్టే లెక్క.

అందుకే పెళ్ళికూతురు ఉమ తల్లి కుర్రాణ్ణి చూడడానికి వస్తుందన్న రోజున నూకమ్మ తెల్లారకుండానే కొడుకు చెప్పులు దాచేసింది. విజయ్ ఆ పూటంతా వొట్టి కాళ్ళతో ఒడ్డున వలలు బాగుచేస్తూ కూర్చున్నాడు. ఉమ తల్లి వచ్చి, అతని ఇసక పాదాలు చూసి, తృప్తిగా కాఫీ తాగి వెళ్ళింది. చెప్పులు బియ్యం డబ్బా వెనక ఉన్నాయని విజయ్ చెల్లెలు ఇందుకి తెలుసు. అన్న గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనిచేసి తిరిగివచ్చిన దగ్గర్నుంచీ సాయంత్రమయ్యేసరికి అతని పాదాల మీద ఆ అచ్చు ఎంత లోతుగా పడుతోందో కూడా తెలుసు. అడగాలనుకుంది. అడగలేదు. ఇందు అడగాలనుకుని ఊరుకున్నవి చాలా ఉన్నాయి. బళ్ళో హాజరు పిలిచినప్పుడు కూడా ఆమె గొంతు మాస్టారిదాకా వెళ్ళేది కాదు. పక్కనున్న పిల్ల 'ఉన్నాది సార్' అని ఆమె బదులు పలికేది.

ఇంట్లో ఒక రోగి ఉండనే ఉన్నాడు. తండ్రి దాలయ్య ఆటోలో పలాస ఆస్పత్రికి పోయి రక్తం శుభ్రం చేయించుకుని వస్తుంటాడు. సూదులు గుచ్చీ గుచ్చీ ఎడమచేతి నరం లంగరు తాడంత లావయింది. దానిమీద చెయ్యి వేస్తే లోపల ఏదో గిర్రున తిరుగుతున్నట్టు ఉంటుంది. విజయ్ తన ఎడమచేతి మీద పడవ బొమ్మ పొడిపించుకున్నాడు, కింద దాలయ్య పేరు. పలాస స్టేషన్ రోడ్డులో సునీల్ అనే కుర్రాడి టాటూ కొట్టు ఉంది, అక్కడ. దాలయ్య ఆ బొమ్మను చూసి, "పడవలో నన్నెక్కించినావు గానీ తెడ్డెయ్యడం మరిసిపోనావురా," అన్నాడు. ఆ ఇంట్లో ఆఖరిసారి అందరూ కలిసి నవ్వింది అప్పుడే.

నూకమ్మకి వరసకి అన్న అయిన కూర్మనాథం ఉమ తండ్రి. ఊళ్ళో గంగమ్మ సంబరానికి పెద్ద కూడా ఆయనే. ఒకరోజు సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"మాటనుకున్నది నిజిమే నూకా. నాను కాదన్ను. మరి బావని సూడు, ఎలగైపోనాడో. ఈడి ఒంట్లో ఏటున్నాదో ఎవులు సూసొచ్చేరు?"

"పరీచ్చ సేయించీమంటావేటి మావా?" అన్నాడు విజయ్.

"ఓరి, ఆ పరీచ్చలు మనకొద్దురా. ఆలేదో ఒకటి రాసేత్తారు. ఊరంతా సదువుతాది. నీ పరువు నా పరువు కాదేటి? గంగమ్మ తల్లి పరీచ్చ సాలు. ఈ ఏడు సిడి ఎక్కు. తల్లి మోసిన ఒళ్ళంటే నాను ఇంకేటీ అడగను."

సిడి ఎక్కే హక్కు దాలయ్య ఇంటిదే. బండి మీద గుంజ నిలబెట్టి, దానిపైన పొడవైన సరుగుడు కొయ్య అడ్డంగా బిగిస్తారు. ఒక కొసన మనిషి వేలాడతాడు, రెండో కొసను ఊరంతా పట్టి లాగుతుంది. పూర్వం వీపు చర్మంలోకి ఇనుప కొక్కేలు గుచ్చి లేపేవారట. ప్రభుత్వం వద్దన్నాక చంకల కింద గుడ్డ కట్టి లేపుతున్నారు. దాలయ్య కూడా వయసులో ఎక్కాడు.

"నానెక్కినాను గదా," అన్నాడు దాలయ్య మంచం మీంచి. "ఎక్కినోడికే వచ్చింది రోగం."

"నువ్వు గుడ్డ కట్టుకోని ఎక్కినావు బావా. పసిగుంట ఉయ్యాలెక్కినట్టు. తల్లికి కోపం రాదేటి?"

విజయ్ చెవులు ఎర్రబడ్డాయి. "కొక్కేలతోనే ఎక్కుతాను మావా," అన్నాడు. "బొంబాయిలో సోకు కోసం ఎక్కుతన్నారు. ఈడియోలు సూసినాను. నాకు సేసే మనిసున్నాడు."

ఆ మనిషి టాటూ కొట్టు సునీలే. ముందు కుదరదన్నాడు. తను నేర్చుకున్న కొక్కేల పని గదిలో, నలుగురి సాయంతో చేసేదనీ, జాతరలో చేసేది కాదనీ అన్నాడు. అతను రాకపోతే సొరచేపల గేలాలు ఆకురాయి పట్టి గుచ్చుకుంటానని విజయ్ అన్నాడు. అప్పుడు ఒప్పుకున్నాడు.

సంబరం రోజున సునీల్ పెద్ద పెట్టెతో వచ్చాడు. కొక్కేలు ఆవిరిలో కాచినవి, ఒక్కొక్కటీ విడివిడిగా కవర్లో ఉన్నాయి. ముల్లు లేని, నున్నటి కొక్కేలు. చేతులు కడుక్కున్నాడు, తొడుగులు వేసుకున్నాడు, తాళ్ళకి బియ్యం బస్తాలు కట్టి కొయ్యను లేపి చూశాడు. ఒక్క కొక్కెం మీద బరువు పడితే చర్మం చిరిగిపోతుందనీ, అన్నింటి మీదా సమంగా పడాలనీ లాగేవాళ్ళకి చెప్పాడు. విజయ్ పొద్దుటినుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని తెలిసి తల పట్టుకున్నాడు.

"తిని ఎక్కాలన్నా. నీల్లు బాగా తాగాల. కళ్ళు తిరిగితే ఎవులు సూత్తారు?"

"ఉపాసం లేకండా సిడేటి బాబూ," అన్నాడు కూర్మనాథం. "నీ కొట్టు కాదిది."

సునీల్ ఆయన్ని వదిలి విజయ్ ఎదురుగా కూర్చున్నాడు. వాకిలి నిండా జనం. ఉమ తల్లి చాప మీద కూర్చుని ఉంది.

"అన్నా, దాసకండా సెప్పు. బీపీ, సుగరు, కిడ్నీ... ఏటైనా ఉన్నాదా? ఉంటే నాను కొక్కెం ముట్టను."

విజయ్ తల్లి వైపు చూశాడు. నూకమ్మ ఉమ తల్లి వైపు చూసింది.

"ఏటీ నేదు బాబూ. రాయిలాగున్నాడు నా కొడుకు."

ద్వారబంధం పక్కన నిలబడ్డ ఇందు, "అన్నియ్యకి పరీచ్చ ఎప్పుడూ సెయ్యలేదు," అంది.

అంది, నిజంగానే అంది. కానీ అప్పుడే బయట డప్పు మొదలైంది. సునీల్ కవరు చింపుతున్నాడు. ఆ మాట విన్నది నూకమ్మ ఒక్కతే. ఆమె చూసిన చూపుకి ఇందు రెండోసారి నోరు తెరవలేదు. ఆమె బదులు పలకడానికి ఆ రోజు పక్కన ఎవరూ లేరు.

కొక్కేలు దిగుతున్నప్పుడు విజయ్ పళ్ళు బిగపట్టాడే గాని కిక్కురుమనలేదు. కొయ్య లేచింది. వీపు చర్మం గుడారాలు లేచినట్టు పైకి లేచింది. ఒక్క చుక్క నెత్తురు నడుము దాకా జారి ఎండిపోయింది. మే నెల ఎండలో, జీడితోటల పైన, సముద్రం వైపు మొహం పెట్టి అతను తేలాడు. మొదట అతని మొహంలో బాధ ఉంది, తర్వాత అదీ లేదు. అన్న అంత తేలిగ్గా ఉండడం ఇందు ఎన్నడూ చూడలేదు. కింద ఫోన్లన్నీ పైకి లేచాయి. పెళ్ళికూతురి తండ్రి కూర్మనాథం అందరికంటే ముందు నిలబడి తాడు లాగాడు.

దించాక సునీల్ కొక్కేలు తీసి, చర్మం కింద చేరిన గాలిని రెండు చేతులతో నొక్కి బయటికి తోశాడు. ఎండుటాకులు నలిపినట్టు చప్పుడైంది. గాయాలు కట్టి, రోజూ ఉప్పునీళ్ళతో కడగమని, జ్వరం వస్తే ఆస్పత్రికి వెళ్ళమని చెప్పి, పెట్టె సర్దుకుని పోయాడు. అతని పనిలో వంక లేదు. ఆ గాయాల్లో ఒక్కటీ చీము పట్టలేదు.

నొప్పి మాత్రం మర్నాటికి మొదలైంది. వీపంతా కమిలి, పడుకోలేడు, చెయ్యి ఎత్తలేడు. కూర్మనాథం తన తోట నుంచి కొబ్బరిబొండాల గెల మోయించుకు వచ్చాడు. తనతోబాటు ఊరి ఆరెంపీ డాక్టరు తారకేశ్వరరావునీ తీసుకొచ్చాడు. ఆయన ఒక నొప్పి ఇంజెక్షను పొడిచి, పూటకొకటి చొప్పున వేసుకోమని మాత్రలిచ్చాడు.

ఆ మాత్రల అట్టను ఇందు చూడగానే గుర్తుపట్టింది. పలాస డాక్టరు దాలయ్యకి చెప్పిన మొట్టమొదటి మాట, ఈ నొప్పి మాత్రలు కిడ్నీలని తినేస్తాయి, మీ ఇంటి గుమ్మం తొక్కకూడదు అని. బొండాం నీళ్ళూ అంతే. ఇంట్లో ఎవరికి తలనొప్పి వచ్చినా తలకి గుడ్డ కట్టుకోవడమే. తల్లిని కొంగు పట్టుకుని వంటింట్లోకి లాగింది.

"అమ్మా, అవి ఎయ్యకూడదు గదే."

"అవి మీ అయ్యకి. ఈడికేటీ నేదు గదా."

"నీకు తెలుసు."

నూకమ్మ కళ్ళు చిట్లించి గుమ్మం వైపు చూసింది. బయట అరుగు మీద కూర్మనాథం ముహూర్తం మాట ఎత్తుతున్నాడు.

"ఇప్పుడు ఒద్దంటే ఎందుకంటారు. ఏటి సెప్పమంటావు? పెల్లయ్యేదాకా నోరు మూసుకో నా తల్లీ. ఆ తర్వాత నానే తీసుకెల్తాను పరీచ్చకి, గంగమ్మ మీదొట్టు."

ఆమె బొండాం కొట్టి, మాత్ర చేతిలో పెట్టుకుని, నవ్వుతూ బయటికి వెళ్ళింది. అన్నానికి ముందు బొండాం, తర్వాత మాత్ర. కాబోయే మావగారు చూస్తుండగా విజయ్ గుటకలు వేస్తూ తాగాడు. అట్ట అయిపోతే ఇంకోటి తెచ్చారు. నొప్పి తగ్గింది. తర్వాత ఒంటేలు కూడా తగ్గింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు తెల్లారేసరికి మొహం ఉబ్బి కళ్ళు తెరుచుకోకపోతే అప్పుడు చూశారు.

దాలయ్య వెళ్ళే ఆటోలోనే దాలయ్య కొడుకుని కూడా పలాస తీసుకెళ్ళారు. కిడ్నీలు ఎప్పట్నుంచో పాడవుతూ వచ్చాయన్నాడు డాక్టరు. జాగ్రత్తపడితే ఇంకా కొన్నేళ్ళు లాక్కొచ్చేవట. నీళ్ళు లేని ఉపవాసం, ఎండ, వాటిమీద ఈ మందులు. "మీ ఇంట్లో ఒక మనిషి ఇక్కడికే వస్తున్నాడు గదమ్మా, ఎవరికీ తెలియలేదా?" అని అడిగాడు. నూకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

కూర్మనాథం ఆస్పత్రికి వచ్చాడు. ఊళ్ళో మాట రాకూడదు గదా. మంచం దాకా రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"అందరి ముందరా నేదన్నావు నూకా. తల్లి ముందర అబద్దమాడితే ఒళ్ళు ఊరుకుంటాదేటి? నా పిల్ల బతుకు తల్లే కాపాడింది."

"మందు మింగించినది నువ్వు కాదేటి బావా," అన్నాడు దాలయ్య.

"నాకేటి తెలుసు? రాయిలాగున్నాడన్నారు."

కూర్మనాథం వెళ్ళిపోయాడు. ఉమకి వేరే ఊరి సంబంధం కుదిరిందని తర్వాత తెలిసింది. ఆ కుర్రాడికి కూడా ఎవరూ రక్తపరీక్ష చేయించలేదు.

సునీల్ ఒక మధ్యాహ్నం వచ్చాడు. విజయ్ నిద్రపోతున్నాడు. వీపు మీద గాయాలు శుభ్రంగా మానాయి, గులాబీ రంగు చిన్న మచ్చలు. సునీల్ వాటిని చాలాసేపు చూశాడు.

"నాను అడిగినాను గదమ్మా," అన్నాడు నూకమ్మతో. "వాకిలి నిండా అంతమంది ఉన్నారు. ఒక్కలు సెప్పుంటే పెట్టె సర్దుకోని ఎలిపోయేవోన్ని. ఒక్కలూ సెప్పలేదు."

"నాను సెప్పాను," అంది ఇందు.

వార్డంతా తిరిగి చూసింది. నర్సు కూడా చూసింది. తన గొంతు అంత దూరం పోతుందని ఇందుకి కూడా తెలియదు. నూకమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. సునీల్ నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకి, రక్తం శుభ్రం చేసే సూదులు పడడానికి వీలుగా విజయ్ చేతిలో నరాలు కలిపి కుట్టాలన్నారు. ఎడమచెయ్యే మంచిదట. సర్జరీ డాక్టరు మణికట్టు దగ్గర్నుంచి తడుముకుంటూ వచ్చి పడవ బొమ్మ మీద పెన్నుతో గీత గీశాడు.

"ఇక్కడే కొయ్యాలి. బొమ్మ పోతుంది."

"పోనీండి," అన్నాడు విజయ్. "ఎలాగూ ఇంక సముద్రం మీదికి ఎల్లదు."

పక్క మంచం మీద దాలయ్య రక్తం గొట్టాల్లో తిరుగుతోంది. ఆయన కొడుకు చేతిని చూడలేక తన చేతిని చూసుకున్నాడు. గీత పడవ మధ్య నుంచి, కింద రాసిన తన పేరు మధ్య నుంచి పోయింది.

ఇంటికొచ్చాక ఇందు, అప్పట్నుంచీ బియ్యం డబ్బా వెనకే ఉండిపోయిన అన్న చెప్పులు తీసి, దులిపి, గుమ్మం ముందు అందరికీ కనపడేలా పెట్టింది.